ఇరవై రెండు పేర్ల బడి

నల్లమాడ నుంచి ముదిగుబ్బ పోయే పొద్దుటి బస్సు బండకిందపల్లి అడ్డరోడ్డులో ఆగితే దిగే మనిషి ఒక్కరే, ఉమాదేవి మేడం. ఎక్కేవాళ్లకు మాత్రం కొదవ లేదు. అది రెండువేల మూడు. వరసగా మూడో కరువు. జూన్‌లో నాలుగు చినుకులు రాలి అందరి చేతా వేరుశెనగ విత్తనం వేయించాయి, ఆ తర్వాత వాన మొహం చాటేసింది. చేలు ఎండేకొద్దీ ఊరు ఖాళీ అయింది. ఇంటికి తాళం, గడపకు అడ్డంగా ముళ్లకంప వేసి, సద్దిమూట ఒక చేత్తో, పిల్లను ఒక చేత్తో పట్టుకుని జనం బెంగుళూరు దారి పట్టారు.

ఊరి బడికి ఒక గది, ఒక వసారా. టీచరూ హెడ్‌మిస్ట్రెసూ గంట కొట్టేదీ అన్నీ ఉమాదేవే. రిజిస్టరులో ఇరవై రెండు పేర్లు, చాప మీద పదకొండు మంది పిల్లలు. మిగిలిన పదకొండు మంది బెంగుళూరులో ఇసుక కుప్పల మీద ఆడుకుంటూ ఉంటారని ఆవిడ నమ్మకం. వాళ్లు రాకపోయినా వాళ్ల పేర్లు మాత్రం రోజూ బడికి వచ్చేవి. పేరు పిలుస్తుంది, ఎవరూ పలకరు, వచ్చినట్టు గీత పెడుతుంది. మరీ అందరూ రోజూ వచ్చినట్టు రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని రోజుకు ఇద్దరికి జ్వరం తెప్పించేది. ఆ జ్వరాలు కూడా వంతులవారీగా వచ్చేవి.

ఆవిడను తిట్టుకునే ముందు సంగతి వినాలి. పిల్లలు ఇరవైకి తగ్గిన బళ్లను పక్క ఊరి బడిలో కలిపేస్తారని మండల మీటింగులో చెప్పారు. పక్క ఊరు మూడు మైళ్లు. మధ్యలో గుట్ట, గుట్ట చుట్టూ కంకర లారీల దారి. మగపిల్లలు పడుతూ లేస్తూ పోతారు. ఆడపిల్లను ఆ దారిన ఏ తల్లీ పంపదు. నిజానికి బడి మూతబడితే ఉమాదేవికి మేలే, సొంతూరు కదిరికి దగ్గరగా ఎక్కడో వేస్తారు. అయినా తన చేతి కింద బడి మూతబడడం ఆవిడకు ఇష్టం లేదు. ఇది ఆవిడ మొదటి ఉద్యోగం, మొదటి బడి. చాప మీద కూర్చునే పదకొండు మందిలో ఏడుగురు ఆడపిల్లలు.

మొదటి అబద్ధం మారెక్క పేరు మీద రాసింది. మారెక్క అప్పుడు నాలుగో తరగతి. లెక్క బోర్డు మీద రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పే పిల్ల. ఉగాది వెళ్లిన వారానికి వాళ్ల ఇంటికి తాళం పడింది. నాలుగు రోజుల్లో వస్తుందిలే, ఇంత మంచి పిల్ల పేరు ఎందుకు కొట్టేయాలని ఒక గీత పెట్టింది. మరునాడు ఇంకొకటి. ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచాక కూడా పెట్టింది. ఒక గీతకు అలవాటు పడిన చేయి పదకొండు గీతలకు అలవాటు పడడానికి ఎంతసేపు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చే బియ్యం ఇరవై రెండు మందికి వచ్చేది. వంట చేసే ఆంజినమ్మ ఆ అన్నమంతా వండి, పిల్లలు రెండోసారి పెట్టించుకున్నాక, మిగిలింది ఊళ్లో ఉండిపోయిన ముసలివాళ్ల గిన్నెల్లో వేసేది. అందుకని ఊళ్లో ఎవరూ మేడంను పల్లెత్తు మాట అనలేదు.

భయం మాత్రం ఉండేది. బాగా ఉండేది. దూరంగా మోటార్‌సైకిల్ చప్పుడైతే చాలు, ఉమాదేవి చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. బళ్ల తనిఖీకి వచ్చే ఎం.ఈ.ఓ. నాగేశ్వరయ్య చెప్పి వచ్చే మనిషి కాదు. అందుకే పిల్లలకు పద్యాలు నేర్పినంత శ్రద్ధగా ఇంకో పాఠం కూడా నేర్పింది. సారు వచ్చి, రానివాళ్ల గురించి ఎవరిని అడిగినా ‘నిన్న వచ్చింది సార్, ఈరోజు జ్వరం’ అని చెప్పాలి. ఒకటో తరగతి కేశవకైతే ఈ పాఠం అక్షరాల కంటే ముందే వచ్చేసింది.

సెప్టెంబరు ఎనిమిది, సోమవారం. ఉమాదేవి బస్సు దిగుతుంటే మెట్టు దగ్గర ఈశ్వరి నిలబడి ఉంది. నాలుగో తరగతి పిల్ల, చాప మీద కూర్చునే పదకొండు మందిలో ఒకతె. చేతిలో గుడ్డమూట, తలకు నూనె, కొత్త రిబ్బను. పక్కన ఆకుపచ్చ చీర కట్టిన నడివయసు ఆడమనిషి ఈశ్వరి మణికట్టు పట్టుకుని ఉంది. ఆమె భుజాన పత్తికాయ బొమ్మ వేసిన తెల్లసంచి. ఉమాదేవి ఆమెను ఎప్పుడూ చూడలేదు.

ఎక్కడికమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే పోయిన పని చెడుతుంది. చిన్నప్పుడు నాయన ప్రయాణమవుతుంటే అలా అడిగినందుకు అమ్మ వీపు మీద ఇచ్చిన దెబ్బ ఉమాదేవికి ఇప్పటికీ గుర్తే. ఈ ఊళ్లోనూ అంతే, కాళ్లకు చెప్పులేసుకున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అందులోనూ పొద్దున్నే, అందులోనూ సోమవారం.

ఈశ్వరి ఆవిడ మొహంలోకే చూస్తోంది. ఏదో అడిగితే చెబుదామన్నట్టు పెదవులు కదిలాయి కూడా. ఉమాదేవి నవ్వి, ‘పోయిరామ్మా’ అంది. ఆడమనిషి పిల్లను ముందు ఎక్కించి తాను ఎక్కింది. బస్సు ముదిగుబ్బ వైపు వెళ్లిపోయింది.

ఈశ్వరి అమ్మానాన్నలు బెంగుళూరులో మేస్త్రీ కింద కూలి చేస్తున్నారు. పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి పోయారు. ఇప్పుడు కబురు పెట్టి పిలిపించుకున్నట్టున్నారు అనుకుంది ఉమాదేవి. పోనీలే, పిల్ల తల్లి దగ్గర ఉంటుంది. ఆ తర్వాత కొంచెం దిగులేసింది, చాప మీద పదిమందే మిగిలారు కదా అని. హాజరు పిలిచేటప్పుడు ఈశ్వరి పేరు దగ్గర ఒక క్షణం ఆగి, గీత పెట్టింది.

పదకొండు రోజులు గడిచాయి. పంతొమ్మిదో తారీఖు శుక్రవారం, పదకొండు గంటలప్పుడు, నాగేశ్వరయ్య మోటార్‌సైకిల్ బడి ముందు ఆగింది. ఉమాదేవి సుద్దముక్క కింద పెట్టి కుర్చీ జరిపింది. ఆయన కుర్చీలో కూర్చుని, నుదురు తుడుచుకుని, పిల్లల్ని లెక్కబెట్టాడు. పదిమంది. రిజిస్టరు తెమ్మన్నాడు. ఆరోజు గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మిగతావాళ్లు ఏరని అడిగాడు. ఊళ్లో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయనీ, గొర్రెలు తోలుకుపోయే రోజులనీ ఆవిడ ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

అప్పుడే వాకిట్లోకి ఓబుళేసు వచ్చాడు. ఈశ్వరి నాయన. రాత్రంతా బస్సుల్లో ప్రయాణం చేసి వచ్చినట్టు చొక్కా నలిగి ఉంది. చంకలో కాగితం పొట్లం, అందులోంచి గులాబిరంగు గౌను అంచు కనిపిస్తోంది. గుమ్మంలో నిలబడి చాప మీద పిల్లలందరినీ ఒకసారి, మళ్లీ ఒకసారి చూశాడు.

“మా పాప యాడుండాది మేడం?”

బెంగుళూరు నుంచి వచ్చిన మనిషి బిడ్డ ఎక్కడని ఉమాదేవిని అడుగుతున్నాడు.

ఓబుళేసు అదే ఊపులో జరిగింది చెప్పాడు. ఇంట్లో పిల్ల లేదు. అవ్వ లక్ష్మీనరసమ్మను అడిగితే, ‘నువ్వే కదరా మనిషిని పంపిస్తివి, ఆ యమ్మతో తోలిస్తి’ అంటుంది. తాను ఎవరినీ పంపలేదు. ఎప్పుడు తోలినావంటే మొన్న అంటుంది. ఆ ముసలమ్మకు చూపు సరిగా ఆనదు, నిన్న జరిగినా నెల కిందట జరిగినా అన్నీ మొన్నే. బడిలోనైతే రాతకోతలు ఉంటాయి కదా, అందుకని పరుగెత్తుకొచ్చాడు.

నాగేశ్వరయ్య రిజిస్టరు దగ్గరికి లాక్కుని వేలితో పేరు పట్టుకున్నాడు. గళ్ల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి చివర ఆగాడు. “నిన్న బడికి వచ్చిందే. మొన్న కూడా వచ్చింది” అన్నాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి, ఈశ్వరి నిన్న వచ్చిందా అని అడిగాడు.

అందరికంటే ముందు వరసలో ఉన్న కేశవ లేచి, చేతులు కట్టుకుని, గట్టిగా, “నిన్న వచ్చింది సార్, ఈరోజు జ్వరం” అన్నాడు. చెప్పి ఉమాదేవి వైపు చూశాడు, బాగా చెప్పాను కదా అన్నట్టు. వెనకనుంచి ఇంకో ముగ్గురు అదే మాట అందుకున్నారు. పెద్దపిల్లలు తలలు దించుకున్నారు. పొయ్యి దగ్గరనుంచి ఆంజినమ్మ గంటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకు అంతా తెలుసు. కానీ మేడం నోరు విప్పకుండా తాను విప్పే మనిషి కాదు.

ఉమాదేవి నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఉంది. ఒక్క ఈశ్వరి గీత అబద్ధమని ఒప్పుకుంటే పన్నెండు పేర్ల గీతలూ కూలుతాయి. బడి పోతుంది, ఉద్యోగం పోతుంది, పేపర్లో పడుతుంది. ఆ క్షణాన ఆవిడకు పిల్ల కంటే ముందు ఇవి గుర్తొచ్చాయి. దాచిపెట్టి లాభం లేదు, అలాగే జరిగింది.

ఓబుళేసు మొహంలో మాత్రం ఆశ కనబడింది. నిన్నటిదాకా ఉందంటే పిల్ల ఎక్కువ దూరం పోలేదు. అవ్వకు మతి తప్పింది, మనిషీ లేదు గినిషీ లేదు. సాయంకాలం బడి విడిచాక ఇంటికి వస్తూ ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఆ మాట నోట్లోంచి రాగానే అతని మొహం మళ్లీ మారిపోయింది. బడికీ ఇంటికీ నడుమ దారి పక్కనే తిప్పయ్య బావి. గట్టు లేని బావి.

ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లు పదిహేనుమందీ బావి చుట్టూ చేరారు. ముసలి తిప్పయ్య మోకు తెచ్చాడు. బావి అడుగున నడుములోతు పచ్చటి నీళ్లు, పైన పాచి. పక్కన తుమ్మచెట్టుకు మోకు కట్టారు. లక్ష్మీనరసమ్మ గుండెలు బాదుకుంటూ అదే మాట చెబుతోంది, బిడ్డను బావికి ఇవ్వలేదు, ఆకుపచ్చ చీర మనిషికి ఇచ్చానని. ఎవరూ వినిపించుకోలేదు. రిజిస్టరులో రాసుంది కదా. అవ్వది నోటిమాట, అది సర్కారు కాగితం. చివరకు ఆ ముసలమ్మ కూడా తన మాట మీద తనకే నమ్మకం పోయినట్టు, ‘ఏమోనప్పా, నాకు గుర్తు లేదేమో’ అని గొణిగింది.

అది విన్నాక ఉమాదేవికి ఒళ్లంతా చల్లబడింది. తాను గీసిన గీత ముసలమ్మ కళ్లారా చూసిన దాన్ని కూడా చెరిపేస్తోంది. ఇంకాసేపు ఊరుకుంటే ఆకుపచ్చ చీర ఈ లోకంలోనే లేకుండా పోతుంది. పిల్ల పదకొండు రోజుల దూరం పోయింది. వీళ్లు ఒక్కరోజు దూరంలో వెతుకుతున్నారు.

ఓబుళేసు చొక్కా విప్పి గౌను పొట్లం మీద పెట్టాడు. మోకు నడుముకు చుట్టుకున్నాడు. అతని చేతులు ముడి వేయలేకపోతున్నాయి. తిప్పయ్య ముడి వేశాడు. కాలు బావిలోకి పెట్టాడు.

“దిగొద్దు ఓబుళేసన్నా. పాప బావిలో లేదు.”

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అందరూ తిరిగారు. ఉమాదేవి ఇక ఆగలేదు. ఈ నెల ఎనిమిదో తారీఖు సోమవారం, పొద్దుటి బస్సు, ముదిగుబ్బ వైపు. ఆకుపచ్చ చీర, నడివయసు, భుజాన పత్తికాయ బొమ్మ వేసిన తెల్లసంచి. అవ్వ చెప్పిందంతా నిజం. ఆ రోజునుంచి పిల్ల బడికి రాలేదు. రిజిస్టరులో గీతలు తాను పెట్టినవి, పిల్లల చేత ఆ మాట పలికించిందీ తానే. ఒక్క ఈశ్వరి మాటే కాదు, పన్నెండు పేర్లూ అంతే.

నాగేశ్వరయ్య రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. పత్తికాయ సంచి అనగానే తిప్పయ్య నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. విత్తనపు పత్తి చేలల్లో ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకు రుద్దే పనికి చిన్నచేతుల ఆడపిల్లల్ని పోగు చేసుకుపోయేవాళ్లు ఉన్నారనీ, ఆదోని దాటి ఎక్కడెక్కడికో లారీల్లో తీసుకుపోతారనీ అతను మూడేళ్ల కిందట గొర్రెలతో ఆ వైపు పోయినప్పుడు చూశాడు.

ఓబుళేసు నడుముకు మోకు అలాగే ఉంది. దాన్ని విప్పుకోవాలని కూడా తోచలేదు. ఉమాదేవి దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుంది, కొట్టినా బాగుండేది.

“మీరు చూసినారు గదా మేడం. యాడికి పోతాండావు పాపా అని ఒక్కమాట అడిగింటే ఏమైతాండె?”

బయలుదేరినవాళ్లను అడగకూడదు కదన్నా అనే మాట నోట్లోనే చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే ఓబుళేసు, తిప్పయ్య, వాళ్లకు తోడు ముదిగుబ్బ నుంచి ఒక కానిస్టేబులు బయలుదేరారు. ఉమాదేవి స్టేషనులో ఆకుపచ్చ చీర మనిషి ఆనవాళ్లు చెప్పి, అది రాసుకున్న కాగితం కింద సంతకం పెట్టింది. సోమవారానికి మెమో వచ్చింది. దసరా సెలవుల తర్వాత బడిని పక్క ఊళ్లో కలిపేస్తున్నట్టు, ఆవిడ మీద విచారణ జరగబోతున్నట్టు అందులో ఉంది. చదివి బీరువాలో పెట్టింది. నెల కిందట అయితే ఆ కాగితం చూసి పడిపోయేది. ఇప్పుడు ఆవిడకు భయం ఒక్కటే, ఆ పిల్ల దొరకదేమో అని. రోజూ బస్సు దిగుతున్నప్పుడు మెట్టు దగ్గర ఎవరో తన మొహంలోకి చూస్తున్నట్టే ఉండేది. రాత్రి అన్నం సహించేది కాదు.

నాగేశ్వరయ్య పంపించిన కొత్త రిజిస్టరులో ఇరవై రెండు పేర్లూ మళ్లీ రాసింది. పదిమందికి నల్లసిరా గీతలు, పన్నెండు మందికి ఎర్రసిరా సున్నాలు. సున్నా పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల మొహం గుర్తు చేసుకునేది. కొందరివి సరిగా గుర్తు రాలేదు. అది ఇంకా భయపెట్టింది.

ఎనిమిదో రోజున ఈశ్వరి దొరికింది, ఆదోని అవతల ఒక పత్తి చేన్లో.

ఓబుళేసు ఆ పిల్లను భుజాన వేసుకుని వచ్చాడని ఆంజినమ్మ ఎదురొచ్చి చెప్పింది. ఉమాదేవి వాళ్లింటికి పోదామని బయలుదేరి, వాకిలిదాకా పోయి, లోపలికి పోయే మొహం లేక వెనక్కి వచ్చేసింది. మరునాడు పొద్దున హాజరు పిలిచే వేళకు గుమ్మంలో నీడ పడింది. గులాబిరంగు గౌను వేసుకుని ఈశ్వరి వచ్చింది. చిక్కిపోయింది. దగ్గుతోంది. జుట్టు ఎవరో కత్తిరించినట్టుంది. వచ్చి తన చోట కూర్చుంది. అందరూ దానినే చూస్తున్నారు. కేశవ జరిగి చోటిచ్చాడు.

ఉమాదేవి పేర్లు పిలిచింది. ఈశ్వరి పేరు దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చాప వైపు చూసింది. పిలిచింది. “వచ్చినా మేడం” అంది ఈశ్వరి. నల్లసిరాతో గీత పెట్టింది.

తర్వాతి పేరు మారెక్క. అలవాటు కొద్దీ ఆ పేరు కూడా పిలిచింది. ఎవరూ పలకరని తెలుసు, ఎర్రపెన్ను తీసుకుంది.

ఈశ్వరి లేచి టేబుల్ దగ్గరికి వచ్చింది. దాని వేళ్లు పత్తిపూల పొడికి పసుపుపచ్చగా మారి, కొనలు పగిలి ఉన్నాయి.

“మారెక్క ఆడనే ఉండాది మేడం. ఇంకో రెడ్డి చేన్లో. నీళ్లకాడ కనపడె.”

ఉమాదేవి పెన్ను కింద పెట్టేసింది. ఉగాది తర్వాత తాళం పడిన ఇల్లు. ఏప్రిల్‌లో, జూన్‌లో, జూలైలో, ఆగస్టులో వరసగా, ఒక్క జ్వరం కూడా లేకుండా, అందరికంటే శ్రద్ధగా గీతలు పెట్టిన పేరు. బెంగుళూరులో అమ్మానాన్నల దగ్గర ఉందని ఊరంతా అనుకుంటున్న పిల్ల.

“మేడం నా పేరు ఇంకా పిలుస్తాందా, కొట్టేసిందా అని అడిగె. కొట్టేయలా, రోజూ పిలుస్తాది అని చెప్పినా. మారెక్క ఏడ్సింది. అట్లయితే నన్ను ఎతుక్కుంటా వస్తాదిలే అనింది.”

ఉమాదేవి తెరిచి ఉన్న రిజిస్టరు వైపు చూసింది. మారెక్క కాక రాని పేర్లు ఇంకా పది ఉన్నాయి, పది తాళాలు, పది ఇళ్లు. ఎక్కడికి పోతున్నారని ఆ పదిమందినీ ఎవరూ అడగలేదు. తెలుసుకోవాలంటే ఒక్కటే మాట అడగాలి. ఆ మాట అడగడానికి ఆవిడకు బావి దగ్గర వేసినంత భయం వేసింది. అయినా ఈశ్వరి రెండు చేతులూ పట్టుకుని అడిగింది.

“మనూరివాళ్లు ఆడ ఇంకా ఎవరెవరు ఉండారమ్మా?”

ఈశ్వరి ఆవిడ చేతుల్లోంచి తన చేయి వెనక్కి తీసుకుని, పసుపుపచ్చటి వేళ్లు ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టింది.